పిండికట్టు

బస్సు నడిపే మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఏం చేస్తాడు? మొదటిరోజు డ్రైవరు ఫ్యాను రెక్కలు తుడిచాడు. రెండోరోజు తలుపు బందులన్నిటికీ నూనె పోశాడు. మూడోరోజు వంటింటి అలమరలో డబ్బాలన్నీ దించి, ఎత్తు ప్రకారం వరసగా సర్ది, సాయంత్రం ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చిన భార్య చేత చీవాట్లు తిన్నాడు. ఆమెకి ఉప్పు డబ్బా ఎంతకీ దొరకలేదు.

"ఖాళీగా ఉంటే నా వంటిల్లే దొరికిందా మీకు?" అంది ఆమె.

"డిపోలో బస్సులు నిలబెట్టినట్టు నిలబెట్టాడమ్మా," అన్నారు కిటికీ పక్క కుర్చీలోంచి మామగారు. "నీకు ఉప్పు కావాలంటే ముందు మిరియాల డబ్బాని రివర్సు చెయ్యాలి."

మామగారు ఒకప్పుడు పేరున్న తాపీమేస్త్రీ. మోకాళ్ళు మొరాయించాక, నాలుగేళ్ళ కిందట కూతురి దగ్గరికి వచ్చేశారు. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఆయన్ని "భోంచేశారా", "మందు వేసుకున్నారా" అని తప్ప ఇంకేమీ అడిగినవాళ్ళు లేరు. అల్లుడికి ఆయనంటే గౌరవం లేక కాదు. తెల్లారకముందే వెళ్ళి చీకటిపడ్డాక వచ్చేవాడికి కబుర్లకి తీరికేది? ఇప్పుడు తీరిక దొరికింది గాని, దొరికిన తీరు మంచిది కాదు.

జరిగింది ఇది. మార్కెట్టు మలుపులో ఒక సైకిలు మనిషి ఉన్నట్టుండి బస్సుకి అడ్డం వచ్చాడు. డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. సైకిలు మనిషికి వెంట్రుక కూడా చెదరలేదు. వెనక్కి తిరిగి చూడకుండా తొక్కుకుంటూ పోయాడు. బస్సులో మాత్రం, రాబోయే స్టాపులో దిగుదామని లేచి నిలబడ్డ ఒక పెద్దావిడ పడిపోయి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆవిడ పెద్దగా అరవలేదు. "అయ్యో" అంది, అంతే. చేతిలోంచి గిన్నె జారిపోతే అంటామే, అలాగ. ఆ "అయ్యో" డ్రైవరు చెవిలోంచి పోవడం లేదు. కుర్చీలో కూర్చున్నా సరే, వీధిలో ఏదన్నా చప్పుడైతే అతని కుడికాలు నేలని గట్టిగా తొక్కేది.

విచారణ పూర్తయ్యేదాకా డ్యూటీ లేదన్నాడు డిపో మేనేజరు. "ఇంకో మాట. ఆవిడ ఇంటికి వెళ్ళడం, ఫోను చెయ్యడం, అలాంటివేం పెట్టుకోకు. నువ్వు క్షమాపణ చెప్పడానికే వెళ్ళొచ్చు. సాక్ష్యం మార్చడానికి వెళ్ళావంటారు."

దాంతో చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది.

నాలుగోరోజు అతనికి మంచం కింద ఒక ఓవెన్ కనపడింది. ఎవరో ఇల్లు మారుతూ భార్యకి ఇచ్చి వెళ్ళినది. దాన్నిండా పాత ఛార్జర్లు, పనిచెయ్యని టార్చిలైటు, అట్టపెట్టెలు. అడుగున ఓవెన్ తాలూకు చిన్న పుస్తకం. అందులో చివరి పేజీలో ఇంట్లో బ్రెడ్డు చేసుకునే పద్ధతి ఉంది. పిండి, ఈస్టు, ఉప్పు, గోరువెచ్చని నీళ్ళు. నాలుగే వస్తువులు. ఇంజను విప్పి బిగించే మనిషికి ఇదేం బ్రహ్మవిద్య అనుకున్నాడు.

సాయంత్రానికి పళ్ళెంలో ఒక వస్తువు తయారైంది. కత్తి దిగలేదు. మామగారు దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, బరువు చూసి, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

"బాగా కాలింది అల్లుడూ. ఇలాంటివి ఇంకో రెండొందలు చేశావంటే పెరటి గోడ లేపేద్దాం."

భార్య నవ్వాపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె ఆసుపత్రిలో ఎముకల విభాగంలో నర్సు. "పొద్దున్నుంచీ నేను చేసేది పిండికట్లే," అంది ఎలాగో ఊపిరి పీల్చుకుని. "ఇంటికొస్తే ఇక్కడా పిండే. మీరు చేసిందే గట్టిగా ఉందండీ. విరిగిన కాలికి ఇది కట్టేస్తే చాలు."

డ్రైవరు మొహం మాడ్చుకున్నాడు గాని, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాడు. అది కూడా పొంగలేదు. అతనికి పట్టుదల వచ్చింది. అసలు సంగతి పట్టుదల ఒక్కటే కాదు. పిండి పిసికేటప్పుడు మనిషి నిలబడాలి, భుజాలు వంచాలి, రెండు అరచేతులతోనూ తోసి, మడిచి, మళ్ళీ తొయ్యాలి. ఆ పావుగంటా వీధిలో ఎన్ని హారన్లు మోగినా కాలు కదలదని అతను గమనించాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

రెండ్రోజుల తర్వాత భార్య వచ్చీ రాగానే, చెప్పులు కూడా విప్పకుండా అడిగింది.

"ఏమండీ, ఈస్టులో నీళ్ళు ఎంత వేడివి పోస్తున్నారు?"

"మరిగించి పోస్తున్నా. పుస్తకంలో వెచ్చగా అని ఉంది. వేడిగా ఉంటే ఇంకా మంచిదేగా?"

"చంపేస్తున్నారట దాన్ని. ఈస్టు ప్రాణమున్నదట. చిటికెనవేలు ముంచితే హాయిగా ఉండాలి గాని చురుక్కుమనకూడదట."

"ఎవరు చెప్పారు?"

"మా దగ్గరికి వచ్చే ఒక పేషెంటు. నా ముంజేతి మీద మీ పిండి అంటుకుని ఉంటే చూసి అడిగింది. లెక్కల టీచరుగా చేసి రిటైరైందిలే. ముప్పై ఏళ్ళుగా ఇంట్లో బ్రెడ్డు తనే చేసుకుంటుందట, కొన్నది తినదట." ఆమె చెప్పులు విప్పడానికి వంగింది. వంగి చాలాసేపు విప్పింది.

ఆ మర్నాడు పిండి పొంగింది. గిన్నె మీద కప్పిన తడిగుడ్డని అది కిందనుంచి ఎత్తుతోంది. డ్రైవరు గుడ్డ తీసి, పెళ్ళికూతురి మొహం చూసినట్టు చూసి, మళ్ళీ కప్పి, మామగారిని కేకేశాడు. ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చారు. చూపుడువేలు పిండిలో గుచ్చి తీశారు. గుంట మెల్లగా సగం పూడింది.

"బాగానే ఉంది. కాని నీళ్ళు తక్కువయ్యాయి."

"కొలిచే పోశాను మామయ్యగారూ."

"కొలిచే పోస్తావు. పొడిగాలి కొట్టే రోజు ఆ కొలత చాలదు, ముసురు రోజు ఎక్కువవుతుంది. సిమెంటు మాలు కలిపేటప్పుడు మేం గ్లాసులు పట్టుకుని తిరిగామా? చేత్తో పట్టుకుని పిసికితే వేళ్ళ సందులోంచి జారకూడదు, పగలకూడదు. ఏదీ, జరుగు."

ఆయన చేతులు కడుక్కున్నారు. సిమెంటు తిని తిని బీటలు వారిన ఆ అరచేతులు పిండి మీద పడగానే అల్లుడు నోరు మూసుకుని చూడసాగాడు. రెండు చెంచాల నీళ్ళు చిలకరించి, ఆయన పిండిని అంచునుంచి లోపలికి మడిచి, బరువు భుజంలోంచి దింపుతూ తోశారు. పది తోపుల్లో అది నున్నగా అయింది.

"చూశావా? చేతుల్తో కాదు, నడుంతో. స్టీరింగు కూడా అంతే కదా?"

"అంతేనండీ," అన్నాడు డ్రైవరు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒకరి పని గురించి ఒకరు మాట్లాడుకోవడం అదే మొదలు. ఆరోజు మామగారు తను కట్టిన మూడంతస్తుల మెట్ల గురించి భోజనాల దాకా చెబుతూనే ఉన్నారు.

ఆ బ్రెడ్డులోంచి ఒక ముక్క గుడ్డలో చుట్టి, "మీ టీచరుగారికి ఇవ్వు, ఏమంటుందో," అని భార్యకి ఇచ్చాడు డ్రైవరు. సాయంత్రం ఆమె ఒక చీటీ తెచ్చింది. వంకర టింకర అక్షరాలు. "నూటికి ఇరవై ఎనిమిది. ఫెయిల్. ఉప్పు మరిచిపోయినట్టున్నారు. కాలడం తొందరపడింది. పొంగు పరవాలేదు."

"ఇరవై ఎనిమిదా?" అన్నాడు డ్రైవరు.

"పొంగుకి మార్కులు పడ్డాయి కదా," అన్నారు మామగారు. "నీళ్ళు చూసింది నేను."

అప్పటినుంచీ అదొక సరదా అయింది. టీచరుగారు వేళ్ళ వ్యాయామానికి ఆసుపత్రికి వారానికి రెండుసార్లు వస్తుంది. వచ్చినప్పుడల్లా ఒక ముక్క వెళ్ళేది, ఒక చీటీ వచ్చేది. నలభై ఒకటి: "పాస్. అడుగు మాడింది." యాభై మూడు: "రెండోసారి పొంగనివ్వకుండా ఓవెన్‌లో తోశారు. ఓపిక లేని పిల్లవాడి పని." డ్రైవరు చీటీలన్నీ అలమర తలుపుకి లోపలివైపు అంటించాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, మార్కులు పెరిగితే ఆరోజంతా ఈలవేసుకుంటూ తిరిగేవాడు. ఇంట్లో సాయంత్రమయ్యేసరికి కాలిన పిండి వాసన నిండేది. పక్కింటివాళ్ళు ఏదో ఒక వంకన తలుపు తట్టేవాళ్ళు. ముగ్గురూ వేడి ముక్కల మీద వెన్న రాసుకుని, టీ తాగుతూ కూర్చునేవాళ్ళు. అలా ముగ్గురూ కలిసి కూర్చోవడం ఎన్నేళ్ళకి కుదిరిందో లెక్కపెట్టుకుంటే ఎవరికీ గుర్తురాలేదు.

నాలుగో వారం అరవై ఏడు వచ్చింది. డ్రైవరు చీటీ వెలుతురులో పట్టుకుని మురిసిపోతున్నాడు.

"ఎంత చదువుకున్నావిడో, రాత మాత్రం ఇదేమిటి మామయ్యగారూ? ఎడంచేత్తో రాసినట్టు."

"కుడిచెయ్యి కట్టులో ఉంటే ఇంకే చేత్తో రాస్తుంది?" అన్నారు మామగారు పేపరు చదువుకుంటూ.

అన్నాక పేపరు కొంచెం పైకెత్తారు, మొహం కనపడకుండా.

డ్రైవరు చీటీ కిందకి దించాడు. "ఆవిడకి కుడిచెయ్యి విరిగిందా?"

పేపరు ఇంకో అంగుళం పైకి లేచింది.

"ఎలా విరిగింది మామయ్యగారూ?"

"నన్ను అడుగుతావేం? మీ ఆవిడ వస్తుందిగా," అన్నారు ఆయన. ఆ గొంతు వినగానే డ్రైవరుకి సంగతి అర్థమైపోయింది.

భార్య వచ్చేసరికి అతను హాల్లో నిలబడే ఉన్నాడు.

"ఆవిడేనా?"

ఆమె తండ్రి వంక ఒకసారి చూసింది. సంచీ కింద పెట్టింది. "ఆవిడే."

"ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటిరోజు నుంచి. కేసు కాగితంలో బస్సు నంబరు ఉంది."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదు! నేను ఆవిడ్ని కలవకూడదని తెలుసు నీకు. ఇప్పుడు నేను ఏడుసార్లు బ్రెడ్డు పంపించానంటే ఏమంటారు? సాక్షికి లంచం పెట్టాడంటారు. ఉద్యోగం ఊడుతుంది!"

"నేనేం పథకం వేసుకుని చెయ్యలేదండీ," అంది ఆమె. "ఆరోజు ఆవిడ నా దగ్గర కూర్చుని ఏడ్చింది. నొప్పికి కాదు. పిండి కలపలేకపోతున్నాను, ఇల్లు ఇల్లులా లేదు అని. ఇంటికొస్తే మీరు రాళ్ళు కాలుస్తున్నారు. నా చేతి మీద పిండి చూసి ఆవిడ అడిగితే నోట్లోంచి వచ్చేసింది. తర్వాత ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది, మీరు ఈలవెయ్యడం మొదలుపెట్టారు. ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు."

డ్రైవరు కుర్చీలో కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. చివరికి అడిగాడు. "నన్ను తిట్టిందా?"

"ఒకసారి. కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడిపాడు అంది."

"నువ్వేమన్నావు?"

"వేళ్ళు ముడవండి అన్నాను."

కిటికీ దగ్గర పేపరు కదిలింది. మామగారు నవ్వుతున్నారో, మరేం చేస్తున్నారో తెలియలేదు. డ్రైవరుకి మాత్రం నవ్వు రాలేదు. అలమర తలుపు తెరిచి, చీటీలన్నీ జాగ్రత్తగా ఊడదీసి, ఒక కవరులో పెట్టాడు. "విచారణలో నేనే చెప్పేస్తాను," అన్నాడు. "వేరేవాళ్ళు చెప్పేలోగా."

మర్నాడు ఆమె టీచరుగారికి తనెవరో చెప్పేసింది. ఆవిడ ఏమన్నదని అడిగితే తల అడ్డంగా ఊపింది. "ఏమీ అనలేదు. వ్యాయామం పూర్తిచేసి వెళ్ళిపోయింది." విచారణ ఇంకా అయిదురోజులుంది. ఆ అయిదురోజులూ ఓవెన్ వెలగలేదు. మామగారు రోజుకి రెండుసార్లు పిండి డబ్బా మూత తీసి, చూసి, పెట్టేసేవారు.

విచారణ డిపో పైగదిలో పెట్టారు. పొడుగాటి బల్ల, దాని వెనకాల విచారణాధికారి, ముందు మూడు కుర్చీలు. కింద బస్సులు వెనక్కి తిప్పుతున్న చప్పుడు. టీచరుగారు అప్పటికే వచ్చి కూర్చుంది. డ్రైవరు ఆవిడ మొహం సరిగ్గా చూడడం అదే మొదటిసారి. బక్కపలచని మనిషి, పెద్ద కళ్ళజోడు. ముంజేయి మెడకి వేలాడుతున్న గుడ్డలో ఉంది. ఆవిడ అతని వైపు చూడలేదు.

అధికారి ఫైలు తెరవగానే డ్రైవరు లేచి నిలబడ్డాడు. "సార్, ముందు నేనొక సంగతి చెప్పాలి." తడబడుతూ అంతా చెప్పాడు. కవరు బల్ల మీద పెట్టాడు.

అధికారి కళ్ళజోడు తీసి, చీటీలు ఒక్కొక్కటే చదివారు. "అమ్మా, ఈ రాత మీదేనా?"

"నాదే," అంది టీచరుగారు. "మీరు దాన్ని లంచం అంటే అనండి. కాని మొదటి ముక్క మా వీధికుక్కకి వేస్తే వాసన చూసి, నా మొహంకేసి చూసి వెళ్ళిపోయింది. అంత నాసిరకం లంచం మీరెక్కడా చూసి ఉండరు."

అధికారి దగ్గు వచ్చినట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "సరే. జరిగింది చెప్పండి."

"బస్సు ఆగకముందే లేచాను. లేవకూడదని ఎదురుగా రాసి ఉంది, అది చదువుతూనే లేచాను. ఆ తప్పు నాది. సైకిలు అడ్డం వచ్చిందంటున్నారు. నేను చూడలేదు, చూశానని చెప్పను." ఆవిడ ఆగింది. అప్పుడు మొదటిసారి తల తిప్పి డ్రైవరుని చూసింది. "వేగం సంగతి అడుగుతారు కదా. ఆ మలుపులో కాస్త ఎక్కువే ఉంది. నేను ఆ దారిలో ఇరవై ఏళ్ళు తిరిగాను. మిగతావాళ్ళు అక్కడ నెమ్మదిస్తారు."

అధికారి డ్రైవరు వైపు తిరిగారు. "నువ్వేమంటావు?"

ఆ నెలరోజుల్లో డిపోలో అందరూ అతనితో ఒకటే మాట అన్నారు. నీ తప్పేం లేదు, సైకిలువాడిదే తప్పు. ఇంట్లోనూ అదే అన్నారు. విన్నప్పుడల్లా అతనికి ఊపిరాడనట్టయ్యేది. "నిజమేనండీ," అన్నాడు. "అప్పటికి ఏడు నిమిషాలు ఆలస్యమైంది. మలుపులో వేగం తగ్గించలేదు."

ఫైలులో హెచ్చరిక రాశారు. పదిరోజులు శిక్షణ, ఆ తర్వాత డ్యూటీ. మెట్ల దగ్గర టీచరుగారు రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతోంది. డ్రైవరు ఒక మెట్టు కింద నిలబడ్డాడు.

"అమ్మా, ఆరోజే వచ్చి క్షమించమని అడగాల్సింది. రానివ్వలేదు."

"మీ ఆవిడ చెప్పింది." ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "కోపం లేదంటే అబద్ధమవుతుంది బాబూ. తెల్లవారుజామున చెయ్యి సలుపుతుందే, అప్పుడు వస్తుంది. కాసేపుండి పోతుంది. ఎల్లుండి కట్టు విప్పుతారు. ఆదివారం మా ఇంటికి రండి. ముగ్గురూ రండి. నీళ్ళు చూసే ఆయన ఎవరో నాకు చూడాలనుంది."

ఆదివారం వెళ్ళారు. ఆవిడ వంటిల్లు చిన్నది. కిటికీ కింద మందపాటి చెక్కబల్ల, దాని మధ్యభాగం ఏళ్ళ తరబడి పిసికి పిసికి కొంచెం లోతుగా అరిగిపోయి ఉంది. కట్టు విప్పిన ముంజేయి సన్నగా, పాలిపోయి, ఎవరిదో చెయ్యిలా ఉంది. మణికట్టు పూర్తిగా తిరగడం లేదు. తిరుగుతుందో లేదో డాక్టరు కూడా చెప్పలేకపోయాడని భార్యకి తెలుసు. డ్రైవరు దాన్ని చూసి చూపు తిప్పుకోబోయాడు.

"చూడండి, పరవాలేదు," అంది టీచరుగారు. "చూస్తే విరిగిపోదు. రండి, చేతులు కడుక్కోండి."

నీళ్ళ దగ్గర మామగారికీ ఆవిడకీ గొడవ వచ్చింది. ఆవిడ గ్లాసు మీద గీత చూపించింది. ఆయన గాలిలో చెయ్యి చాపి, ఈరోజు ఉక్కగా ఉంది, గీతకి ఒక వేలు కిందే ఆపాలన్నారు. "నలభై ఏళ్ళు లెక్కలు చెప్పానండీ నేను," అంది ఆవిడ. "నేను నలభై ఏళ్ళు గోడలు కట్టాను, ఒక్కటీ కూలలేదు," అన్నారు ఆయన. భార్య మధ్యలో దూరి ఆ గ్లాసు లాక్కుని, ఇద్దరికీ నడిమధ్యగా పోసేసింది.

డ్రైవరు పిసకడం మొదలుపెట్టాడు. అరిగిన బల్ల లోతులో పిండి బుద్ధిగా కూర్చుంది. ఆవిడ పక్కన నిలబడి చూస్తోంది. కాసేపటికి ఉండబట్టలేక ఎడంచెయ్యి పెట్టింది, ఆ తర్వాత కుడిచెయ్యి. వేళ్ళు పిండిలో దిగాయి. మణికట్టు ఎంత తిరిగితే అంతవరకే తోసింది. పెదవి కొరుక్కుంటూ ఆరేడుసార్లు తోసి ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని ఆవిడ తుడుచుకోలేదు, చేతులనిండా పిండి ఉంది.

"ఇంక మీరు కానివ్వండి," అంది పక్కకి జరుగుతూ.

"మళ్ళీ ఆదివారం వస్తానమ్మా," అన్నాడు డ్రైవరు పిండి మడుస్తూ. "ఆదివారాలు నాకు డ్యూటీ లేదు."

"రాక ఏం చేస్తారు? ఇంకా రెండో పొంగు దగ్గర తొందరపడుతూనే ఉన్నారు."

మధ్యాహ్నానికి బ్రెడ్డు ఓవెన్‌లోంచి దిగింది. పైపొర గోధుమరంగులో పగిలి, చిటపటమంటూ ఉంది. చల్లారేదాకా కొయ్యకూడదని టీచరుగారు కత్తి దాచేసింది. మామగారు ఆవిడ అటు తిరిగినప్పుడు ఒక మూల చేత్తో తుంచారు. ఆవిరి బయటికి వచ్చింది. అది చూసి ఆవిడ వెన్న గిన్నె ఇటు జరిపింది. నలుగురూ ఆ చిన్న వంటింట్లోనే నిలబడి, వేళ్ళు కాల్చుకుంటూ, ఊదుకుంటూ తిన్నారు.